ఉప్పు మీద ఒట్టు

అనగనగా ఒక రాజ్యం. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు ఉప్పుమడులు. దాని పేరు లవణపురి.

అక్కడొక వింత ఆచారం ఉండేది. ఐదేళ్లకోసారి ప్రజలే రాజును ఎన్నుకునేవారు. రాజు కావాలనుకున్నవారు కోట ముందు తలా ఒక కుండ పెట్టేవారు. ప్రజలు నచ్చినవారి కుండలో చింతగింజ వేసేవారు. ఎవరి కుండ బరువు తూగితే వారిదే సింహాసనం.

ఆ ఏడు రాజు మణికేతుడికి బెంగ పట్టుకుంది. తన కుండ తూగుతుందో లేదో!

"ప్రభూ, బీదల ఇంటింటికీ నెలకో వెండికాసు ఇద్దాం. చేయి తడిస్తే మనసు కరుగుతుంది" అన్నాడు మంత్రి సుమేధుడు.

ఉప్పుమడిలో పనిచేసే సూరమ్మకూ ఒక కాసు వచ్చింది. ఆమె ఏనాడూ వెండి ముట్టి ఎరగదు. అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

"చందమామ ముక్కలా ఉందే అమ్మా!" అంది కూతురు పైడి.

ఆ కాసుతో సూరమ్మ బియ్యం కొంది. పైడి వద్దనేదాకా అన్నం పెట్టింది. వద్దనడం ఆ పిల్లకు అదే మొదటిసారి.

రెండో నెల భటులు, "రాజుగారి దయ అని గట్టిగా అను, కాసు ఇస్తాం" అన్నారు. దయే కదా అనుకుని సూరమ్మ అంది. గాలివాన పడగొట్టిన ఇంటికి ఆ కాసుతో వాసాలు కొంది. ఇక తాటాకు కప్పించడమే మిగిలింది.

మూడో నెల వచ్చింది. సముద్రం మీద మబ్బులు కమ్ముతున్నాయి. రాజు కోట ముందు కొలువు తీరాడు. పక్కన బంగారు గిన్నె నిండా ఉప్పు.

"మీరంతా రాజుగారి ఉప్పు తిన్నారు. ఈ ఉప్పు పట్టుకుని, మా గింజ రాజుగారికే అని ఒట్టు వేయండి. వేసినవారికే కాసు!" అన్నాడు మంత్రి.

ఉప్పు చేతపట్టి అబద్ధమాడితే మళ్లీ మడి పండదని ఉప్పుమడి పనివారి నమ్మకం. గింజ ఎవరికి వేయాలో సూరమ్మ ఇంకా తేల్చుకోలేదు.

వరసలో వెనకనున్న పక్కింటి అప్పలకొండ మోచేత్తో పొడిచింది. "ఓసి పిచ్చిదానా, ఒట్టు తీసి గట్టున పెట్టు! కుండలో చెయ్యి పెట్టాక ఎవడు చూడొచ్చాడే?"

"ఎవరూ చూడకపోయినా నాకు తెలుస్తుందిగా వదినా, అదే నా భయం" అంది సూరమ్మ.

ఆమె వంతు వచ్చింది. గుప్పిట్లోకి ఉప్పు తీసుకుంది. పక్కనే ఉన్న పైడి వైపు చూసింది. తలెత్తి రాజుతో అంది:

"ప్రభూ, ఇది మా మడుల్లో పండిన ఉప్పు. మీ వంటింట్లోదీ ఇదే. కుప్ప పడగానే మీ భాగం మీకిచ్చాకే మేం ఇంటికి పట్టుకెళతాం. ఆ భాగం అమ్మగా వచ్చిందే ఈ వెండి. ఉప్పు తిన్నవారు ఒట్టు వేయాలంటే, ముందు ఎవరు వేయాలి?"

"పుచ్చుకునే చేతికి ఇంత పొగరా!" అని మంత్రి కసిరాడు.

"పొగరు కాదు బాబూ. కాసు లేకపోతే నా పిల్ల వానలో తడుస్తుంది. అయినా అబద్ధపు ఒట్టు వేసి రేపు దానికేం నేర్పను?" అని ఉప్పు గిన్నెలో పోసి, ఉత్త చేతులతో వెనుదిరిగింది.



రాజు లేచాడు. భటులను పిలుస్తాడని అందరూ అనుకున్నారు. కానీ ఆయన మెట్లు దిగివచ్చి, కిరీటం తీసి పక్కన పెట్టి, ఉప్పు గిన్నెలో తన చేయి ఉంచాడు.

"అమ్మా, ఆగు! ఈ ఉప్పే సాక్షి. ఎవరు ఎవరికి గింజ వేసినా, గద్దె మీద ఎవరున్నా, బీద ఇంటికి కాసు చేరి తీరుతుంది. ఇక నా పేరు ఎవరూ చెప్పనక్కరలేదు."

ఉప్పు పట్టుకున్న రాజును వారు ఏనాడూ చూడలేదు. వేలమంది జనం ముందుకు తోసుకొచ్చి చూశారు. ముసలివారు తెలియకుండానే చేతులు జోడించారు.

ఆ నెల కాసు అందింది; వాన పడేలోగా దానితో సూరమ్మ ఇంటికి తాటాకు కప్పించింది.

ఆ ఏడు మణికేతుడి కుండ తూగలేదు. ఆయన చిరునవ్వుతో గద్దె దిగాడు. కొత్త రాజు కిరీటం పెట్టుకోబోతుంటే ప్రజలు ఉప్పు గిన్నె తెచ్చి ముందుంచారు. అతడు మారుమాటాడక అదే ఒట్టు వేశాడు. మరుసటి నెల కాసు వచ్చింది. ఆ పై నెలా వచ్చింది.

ప్రజల సొమ్ము ప్రజలకు చేర్చడం పాలకుడి ధర్మం; దానితో వారి మనసును కొనాలనుకోవడం అధర్మం.