అంపైరు స్టూలు

బసవపున్నయ్య మాస్టారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడికి ముందు ఏదో ఒక పని తగిలేది. జామచెట్టుకు నీళ్లు పోయమనేవారు, అటక మీది పెట్టె దించమనేవారు. పని పూర్తయ్యేసరికి కొందరికి తాము అడిగింది అసలు అడగవలసిందే కాదని తోచేది. వాళ్లు దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు.

ఆ సంగతి ఎరిగి ఉండి కూడా మార్కండేయులు మే నెల ఎండలో రెండు బస్సులు మారి ఆయన ఊరికి వచ్చాడు. మార్కండేయులు చీరాల దగ్గర ఒక ప్రైవేటు హైస్కూలుకు హెడ్మాస్టరు. చిన్నప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నాడు. ఉద్యోగం వచ్చాక కూడా ఏటా వేసవి సెలవుల్లో వచ్చి ఒక పూట ఆయన దగ్గర కూర్చుని పోయేవాడు. దారి పొడుగునా బస్సు కిటికీ పక్కన కూర్చుని ఏడాదంతా తాను చేసిన పని తలచుకున్నాడు. కొత్త బెంచీలు, పదో తరగతి ఫలితాలు, గోడలకు రంగులు, అన్నీ తన చేతి మీదుగా జరిగినవే. తీరిగ్గా కూర్చున్న మనిషికి చేసిన పనులే గుర్తుకొస్తాయి. చేయనివి గుర్తు చేయడానికి ఇంకొకరు ఉండాలి. అతని బడిలో అలాంటి మనిషి ఒకరున్నారు. ఆవిడ గురించి అడగడానికే ఈ ప్రయాణం.

మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, విషయం మొదలుపెట్టాడు. లెక్కల టీచరు సలోమి. వేసవి సెలవులకు బడి మూసే రోజున తల్లిదండ్రులందరినీ పిలిచి సభ పెట్టినప్పుడు అతను, "మా బడిలో ఆటల పీరియడు ఒక్కరోజు కూడా మానలేదు" అన్నాడు. సలోమి లేచి నిలబడి, "దసరా తరవాత పిల్లలు గ్రౌండు మొహం చూడలేదండి. ఆ పీరియడులో వాళ్లకు లెక్కలు చెప్పింది నేనే. వచ్చే ఏడన్నా ఆడనిద్దాం" అంది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు అతని చెవుల్లోంచి ఇంకా పోలేదు.

"ఆ అమ్మాయి అబద్ధం చెప్పిందా?" అని అడిగారు మాస్టారు.

"అబద్ధం కాదండి. కాని అంతమంది ముందు చెప్పేదా? నా గదిలోకి వచ్చి చెప్పొచ్చుగా." అతను దాచకుండా మిగతాది కూడా చెప్పాడు. "ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. కరస్పాండెంటు గారు నిర్ణయం నాకే వదిలారు. రేపు సాయంత్రానికి చెప్పాలి. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

మాస్టారు లేచి గోడకు తగిలించిన బ్యాటు తీశారు. "గ్రౌండుకి పోదాం పద. ఇవాళ మాకు అంపైరు లేడు" అన్నారు.

ఆ ఊళ్లో సాయంకాలం పెద్దవాళ్లు బాల్ బ్యాడ్మింటన్ ఆడతారు. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, మధ్యన నెట్టు, పసుపు రంగు ఉన్ని బంతి. ఆ రోజు గెలిచిన జట్టు నెల్లూరు పోటీలకు వెళుతుంది. ఓడినవాళ్లు ఇంటిదగ్గర ఉంటారు. మాస్టారు అరవై దాటినా తన జట్టులో నెట్టు దగ్గరే నిలబడ్డారు. మార్కండేయులును నెట్టు పక్కన ఎత్తు స్టూలు ఎక్కించారు. అక్కడి నుంచి అంతా అరచేతిలో ఉన్నట్టు కనపడుతుంది.

ఆట హోరాహోరీగా సాగింది. సగం ఆట అయ్యాక, బంతి ఇంకా అవతల ఉండగానే మాస్టారి బ్యాటు నెట్టు దాటి వెళ్లి దాన్ని కొట్టింది. అది తప్పు. పాయింటు అవతలివాళ్లది. మాస్టారు స్టూలు వైపు చూశారు. మార్కండేయులు తల తిప్పుకుని చొక్కా గుండీ సర్దుకున్నాడు.

రెండు జట్లూ సమంగా ఆఖరి పాయింటు దాకా వచ్చాయి. అప్పుడు ఆయన బ్యాటు నెట్టు మీదుగా జానెడు అవతలికి పోయి బంతిని కిందికి దించింది. మాస్టారు మళ్లీ స్టూలు వైపు చూసి, ఎదురు చూస్తున్నట్టు నిలబడ్డారు.

"పాయింటు. ఆట అయిపోయింది" అన్నాడు మార్కండేయులు.

అవతలి జట్టులోని యలమంద కరెంటాఫీసులో లైన్‌మన్. అతను బ్యాటు చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. "మాస్టారి బ్యాటు మా ఇంట్లోకి వచ్చి వెళ్లింది సార్."

"నాకు కనపడలేదు."

"కనపడ్డానికేగా సార్ తమర్ని అంత ఎత్తున కూచోబెట్టింది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అచ్చం బడి సభలో విన్నలాంటి నవ్వే. మార్కండేయులుకు ముఖం వేడెక్కింది. "నోరెక్కువైతే రేపటి నుంచి నిన్ను ఆటలోకి రానివ్వరు, తెలుసా?" అన్నాడు. ఆ ఊరివాడు కాని మనిషి ఆ ఊరివాణ్ణి ఆ మాట అన్నాడు. యలమంద వెళ్లి చెప్పులు తొడుక్కున్నాడు.

మాస్టారు ముఖం తుడుచుకుని అతన్ని పిలిచారు. "యలమందా, ఆ పాయింటు మీది. మధ్యలో ఇంకొకటి కూడా మీదే. అంటే ఆట మీదే. నెల్లూరు మీరు వెళ్లండి." యలమంద ఆయన వంక, స్టూలు వంక చూసి తల ఊపాడు.

ఇద్దరూ బస్టాండుకు నడిచారు. మార్కండేయులే ఉండబట్టలేకపోయాడు.

"నేను అడిగింది చెప్పలేదు మీరు."

"నా బ్యాటు నెట్టు దాటడం కనపడిందా నీకు?"

అబద్ధం అతని నోటిదాకా వచ్చింది. కాని ఆయన ముందు ఆ పని ఎన్నడూ చేయలేదు. "కనపడిందండి."

"రెండుసార్లూ?"

"రెండుసార్లూ. కాని మీరు గదండీ, ఎలా చెప్పను? అంతమంది ముందు."

ఆ మాట అన్నాక మార్కండేయులు నడక ఆగింది. మాస్టారు ఆగలేదు, తన నడక తాను నడిచారు. బస్సు వచ్చింది. అతను ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక మాస్టారు కిందినుంచి తల పైకెత్తి అన్నారు.

"ఆ సలోమమ్మను తీసేసేట్టయితే నాకో కబురు చెయ్యి. మా స్టూలు ఖాళీగానే ఉంది."