ఇప్పపూల గుంటలో నక్క మేస్త్రీ

ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలే అడవిలో, ఒక నల్లబండ మీద గంపెడంత గుంట ఉంది. రాలిన పూలన్నీ అందులో చేరాయి. మీద ఒక వాన పడింది. ఇంకేం, ఈస్టు కణాల కాపురం మొదలైంది. పూల తీపి తిని దాన్ని సారాగా మార్చేది వాళ్లే. పనిచేస్తూ వాళ్లు వదిలే ఊపిరే నురగై పైకి తేలుతుంది. మన కంటికి వాళ్లు ఆనరు. ఎదుటివాళ్ల కష్టం మీద కన్నేసిన నక్కకు మాత్రం, ముక్కు దగ్గర పెట్టి చూస్తే ఆనుతారు.

వాళ్లందరిలో పెద్దది నురగవ్వ. ఒంటి మీద పదకొండు మచ్చలు. ఈస్టు తల్లి బిడ్డను కడుపులో మోయదు, కొమ్మ మొగ్గ వేసినట్టు ఒంటి పక్కన మోస్తుంది. బిడ్డ విడిపోయినచోట మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ మీద మళ్లీ మొగ్గ రాదు. అవ్వ ఇప్పుడు మోస్తున్నది పన్నెండో మొగ్గ. ఇదే ఆఖరిదని ఆమెకు తెలుసు. దీన్ని నిండుగా పంపితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది.

సరిగ్గా అప్పుడే నక్క దిగబడింది.

"ఒసే ముసలీ, ఇవాళ్టి నుంచి ఈ గుంటకు నేనే మేస్త్రీని. సాయంత్రం ఎలుగుబంటి దొర వస్తాడు. పొద్దుగూకేలోగా మీ మందిని రెట్టింపు చేస్తానని మాటిచ్చాను. మంది రెట్టింపైతే సారా రెట్టింపు. నాకు తేనెపట్టులో సగం ఇస్తానన్నాడు."

"మాకేమిస్తానన్నాడు?" అంది అవ్వ.

"మీకు పని ఉందిగా. ఇంకేం కావాలి?"

అవ్వకు ఒళ్లు మండింది. అయినా ఓపిగ్గానే చెప్పింది. "పొద్దుగూకేలోగా కుదరదు నాయనా. ముందు మొగ్గ మెడకు కడియం బిగించాలి. నా లోపలున్న ప్రాణపు మూటను రెండు చేయాలి. తాళ్లు వేసి లాగి, ఒక మూటను మెడలోంచి బిడ్డ వైపుకు దాటించాలి. చెరోవైపు ఒకటి చేరిందని చూసుకున్నాకే మధ్యలో గోడ కట్టి విడదీస్తాం."

"ఇంత తతంగమా? మెడ కోసేయండి. ఒకటి రెండవుతుంది. ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు."

"మూట దాటకముందే కోస్తే బిడ్డ ఒట్టి తిత్తి."

"తిత్తయినా తలకాయేగా. దొర తలలు లెక్కపెడతాడు గానీ లోపల తడిమి చూస్తాడా?"

ఆ అరుపులకు బెదిరి, పక్కనున్న పడుచు తల్లులిద్దరు గబగబా మెడలు కోసేశారు. బిడ్డలు రెండూ ఒక్క మెలిక తిరిగి, చప్పుడు లేకుండా అడుక్కి జారిపోయాయి.

"నాలుగు," అంది నక్క.

"పోయినవాళ్లను కూడా లెక్కేస్తావా?"

"నేను లెక్కేసేటప్పుడు బతికే ఉన్నారు. ఇంకో మాట మాట్లాడావంటే గుంట అంచున నీళ్లను ఆపుతున్న ఈ అడ్డురాయిని తన్నేస్తాను. నీళ్లతో పాటు మీరంతా ఎండ బండ మీద పడి మాడిపోతారు."

మెడ అవతల నుంచి మొగ్గ సన్నగా అడిగింది. "అమ్మా, నా మూట ఇంకా ఇటు రాలేదే."

"వస్తుంది. కాసేపు మెదలకుండా ఉండు," అని అవ్వ నక్క వైపు తిరిగింది. "సరే మేస్త్రీ, కోస్తాం. కానీ మా గుంటకు ఒక కట్టుబాటు ఉంది. కోసేముందు ప్రతి మెడనూ ఒక పెద్ద దగ్గరుండి చూసి సరే అనాలి. ఇన్నాళ్లూ నేను చూశాను. ఇప్పుడు ఇక్కడ పెద్దవు నువ్వే కదా."

నక్క ఛాతీ రెండింతలైంది. "నేను కాక ఇంకెవరున్నారు?"

"అందరివీ చూడు, ఆపైన ఒక్కసారే కోసేస్తాం. ముక్కు నీటికి ఆనించి చూడాలి సుమా. దూరం నుంచి అన్న సరే చెల్లదు."

నక్క గుంటలోకి మూతి దించింది. అవ్వ కింది వరకూ మాట పంపింది. "అమ్మల్లారా, కడుపునిండా తినండి. గట్టిగా ఊపిరి వదలండి. చేతిలో పని మాత్రం ఆపకండి."

నురగ బుసబుసా లేచింది. సారా ఆవిరి కలిసిన దాని గాలి గుంటనిండా కమ్ముకుంది. "సరే," అంది నక్క మొదటి మెడ చూసి. "సరే," అంది పదో మెడకు. నూరో మెడకు అది "స... ఱ్ఱే" అయింది.

"ఇంకాస్త దగ్గరగా చూడు మేస్త్రీ, అది కడియమో నీడో," అంది అవ్వ. నక్క ఇంకాస్త వంగింది. అవ్వ లోపల తాళ్లు లాగుతూనే ఉంది. మూట మెడ దాకా వచ్చింది, ఇరుక్కుంది, మళ్లీ కదిలింది.

పొద్దు వాలేసరికి నక్క గట్టు మీద గడ్డం ఆనించి గురకపెడుతోంది. ఎలుగుబంటి వచ్చి కాలితో తట్టింది.

"ఏరా, ఎంతమందయ్యారు?"

నక్క కళ్లు తెరిచి, గాలిలోకి వంగి దండం పెట్టింది. "రెట్టింపు దొరా. అంతా రెట్టింపే. తమరు కూడా ఇద్దరొచ్చారు, ఎంత దయ."

ఎలుగుబంటి దాని మూతి వాసన చూసింది. "నాకంటే ముందే తాగావా?"

"చుక్క ముట్టలేదు దొరా. మెడలు చూశానంతే."

"మెడలు చూస్తే మీసాలకు నురగ ఎలా అంటింది?"

చెంప మీద ఒక్కటి పడింది. నక్క గిర్రున తిరిగి, ఎవరూ లేని వైపు చేతులు జోడించింది. "పక్కనున్న దొరా, మీరైనా ఆయనకు చెప్పండి."

రెండో దెబ్బకు లేచి పరుగెత్తింది. ఎదురుగా రెండు తుమ్మచెట్లు కనిపిస్తే, మధ్యలోంచి దూరిపోదామనుకుంది. అక్కడున్నది ఒక్కటే చెట్టు. ఆ మోత అవతలి గుట్ట దాకా వినిపించింది. ఎలుగుబంటి దాన్ని అటే తరుముకుంటూ పోయింది.

గుంటలో మూట మెడ దాటింది. అవ్వ ఇటు తడిమింది, అటు తడిమింది, గోడ కట్టింది. బిడ్డ విడిపోయింది. పన్నెండో మచ్చ పడింది.

"అమ్మా, నా ఒంటి మీద ఒక్క మచ్చా లేదే."

"నీకెందుకుంటాయే. పాతవన్నీ నా దగ్గరే ఉంచుకున్నాను. ఇంకా చిన్నదానివి, ముందు తిని పెరుగు. నీ మొగ్గ సంగతి తర్వాత."

సగం పనికి రెట్టింపు లెక్క చెప్పేవాడికి, రెట్టింపుగా దక్కేవి దెబ్బలే.