ఇసుకమొగలో చిరివేరమ్మ గుడ్డ మీద వెలసిన వైనం

ఏరు సముద్రంలో కలిసే చోటును ఈ వైపు మొగ అంటారు. ఇసుకమొగ ఊరికి ఆ పేరు అలా వచ్చింది. బస్సు దిగి, చేపలు ఎండబెట్టే దిబ్బలు దాటి తూర్పుగా నడిస్తే అద్దకంవారి పాక కనిపిస్తుంది. వేరే గుడి లేదు, ఆ పాకే గుడి. ముందు వసారాలో నేటికీ బల్లల మీద గుడ్డలు పరచి, చెక్క అచ్చులతో పువ్వులు అద్దుతుంటారు. వెనుక గదిలో చిరివేరమ్మ తల్లి ఉంటుంది. విగ్రహం కాదు, గుడ్డ. దాని మీద ముదురెరుపున చెయ్యెత్తి నిలబడిన స్త్రీ రూపం. ముఖం ఉండవలసిన చోట వట్టి తెలుపు. ఆ ఇంటి కోడలు గడప దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ఆడమనిషినీ "గుడ్డ కోసం వచ్చారా అమ్మా?" అని అడుగుతుంది. కొత్తవారు తెల్లబోతారు. దానికి ఏమని బదులివ్వాలో ఈ కథ విన్నవారికి తెలుసు.

పూర్వం ఇక్కడ, రేవుకు ఓడలు వచ్చే రోజుల్లో, ఈ పాక వెంకమాంబ అనే పెద్దావిడ చేతి కింద నడిచేది. ఆమె కొడుకు నాంచారయ్య, కోడలు పేరిందేవి. పేరిందేవి కాపురానికి వచ్చి ఏడాది నిండలేదు. పని అప్పుడప్పుడే చేతికి వస్తోంది. పటికనీళ్ళలో అచ్చు ముంచి గుడ్డ మీద అద్దాలి. మూడు రోజులు ఉంచి చిరివేరు అనే రంగువేరుతో ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, తక్కిన చోట కడిగితే పోతుంది. అయితే పటికకు రంగు లేదు. అచ్చు ఎక్కడ పడిందో కంటికి ఆనాలంటే అందులో చిటికెడు జాజు, అంటే ఎర్రమట్టి, కలపాలి. "జాజు మరిచిన చెయ్యి గుడ్డిది" అని వెంకమాంబ రోజుకు పదిసార్లు అనేది.

ఒక కార్తికమాసంలో, పున్నమికి మూడు రోజుల ముందు, చిరివేరు తవ్వి తేవడానికి నాంచారయ్య పల్లెకారులతో కలిసి ఎదుటి లంకకు వెళ్ళాడు. మొత్తం మూడు పడవలు. ఆయన వెళ్ళిన పూటే ఒక అవ్వ పాకలోకి వచ్చింది. దూరపు ఊరి నుంచి సముద్రస్నానానికి నడిచి వచ్చిన మనిషి, కాళ్ళ నిండా దుమ్ము. ప్రతి బల్లా తిరిగి చూసింది, ప్రతి అచ్చూ చేత్తో తడిమింది. చివరకు మూటతాడు విప్పి బల్ల మీద పడేసి, మూటలోంచి దుప్పటంత మందాన నేసిన తెల్లగుడ్డ తీసింది.

"మా ఊరి అమ్మవారికి తెర కావాలి, కోడలు పిల్లా. పువ్వులు వెయ్యి."

"ఏ పువ్వులు అవ్వా?"

"నీకు చేతనైనవే వెయ్యి. చేతగానివి వేస్తానంటే నేను వద్దంటానా?" అని అవ్వ నవ్వింది. "పున్నమి స్నానం చేసుకొని వచ్చేటప్పుడు పట్టుకుపోతాను. అందాకా నీ దగ్గరే ఉంచు."

పేరిందేవి మనసు పడవల వెంట ఉంది. జాజు కలపడం మరిచింది. తడికి ముదురైన మచ్చలనే గుర్తులనుకొని అద్దుకుంటూ పోయింది. ఎండకు గుడ్డ ఆరేసరికి గుర్తు అన్నది లేదు. ఏది దేని మీద పడిందో ఆ దేవుడికే తెలియాలి. పరాయి గుడ్డ పాడుచేశానని అత్తగారితో చెప్పే ధైర్యం లేక, మడిచి అచ్చుల పెట్టె అడుగున దాచింది.

మూడోనాడు పొద్దెక్కేసరికి గాలి తిరిగింది. మొగకు రెండు వైపులా ఇసుక తిప్పలు. నడిమి దారి తప్పిన పడవ తిప్పకు తగిలి ముక్కలైపోతుంది. ఆ దారికి గురుతు దిబ్బ మీది ఎర్రజెండా ఒక్కటే. తొలి విసురుకే అది ఎగిరిపోయింది. ఆడవాళ్ళు ఎర్రచీర కట్టారు, నిలువునా చీలింది. ఇంకొకటి కట్టారు, అదీ అంతే. అద్దిన మందపు గుడ్డలన్నీ మొన్ననే సంతబళ్ళలో వెళ్ళిపోయాయి. తెల్లవి ఉన్నాయి. కానీ ఆ నురుగులో తెల్లజెండా ఎవరి కంటికి ఆనుతుంది? ఇప్పుడు పటిక అద్దుదామంటే అది గుడ్డకు పట్టడానికి మూడు రోజులు కావాలి.

"మూడు రోజుల కిందట అద్దింది ఒక్కటంటే ఒక్కటి ఉంటే..." అంది వెంకమాంబ, కొడుకు పోయిన దిక్కే చూస్తూ.

పేరిందేవి అచ్చుల పెట్టె అడుగు నుంచి గుడ్డ తెచ్చి ముందు పెట్టింది. "ఉంది అత్తయ్యా. అవ్వ తెర. జాజు మరిచాను. మీతో చెప్పలేదు."

వెంకమాంబ గుడ్డ విప్పి వెలుతురుకు పట్టి చూసింది. "అసలు పటికే అద్దావా? వట్టి నీళ్ళు అద్దావా?"

"పటికే అనుకుంటున్నాను."

తిట్టడానికి వ్యవధి లేదు. ఏటి నీళ్ళలో గుడ్డను జాడించి, ఇంట్లో మిగిలిన ఒక్క చిరివేరు కట్టా రాగిబానలో వేసి పొయ్యి రాజేశారు. ఇద్దరు కొడుకులు పడవల్లో ఉన్న సోమాలమ్మ పరుగున వచ్చి బానలోకి తొంగిచూసింది.

"మావాళ్ళు చావుబతుకుల్లో ఉంటే తెల్లగుడ్డ ఉడకేస్తున్నారా? ఇక్కడేమన్నా చాకిరేవు పెట్టారా?"

"నోరు మూసుకొని పుల్ల ఎగదొయ్యి సోమాలూ. నీకు ఇద్దరు. నాకున్నవాడు ఒక్కడే."

నీళ్ళు ఎర్రగా పొర్లుతున్నాయి. గుడ్డకు పట్టిందో లేదో తీసి కడిగితే తప్ప తెలియదు. ముందే తీస్తే రంగు పాలిపోతుంది. ఇంతలో దిబ్బ మీద నుంచి కేక వినబడింది, "తెరచాపలు! తిప్పవైపే వస్తున్నాయి!"

"తియ్యనా అత్తయ్యా?"

"ఇంకాస్త."

"ఇప్పుడో?"

"ఉండవే తల్లీ, ఇంకాస్త." వెంకమాంబ కళ్ళు బాన మీదే ఉన్నాయి. మరి కొంతసేపటికి, "ఊఁ, తియ్యి" అంది.

చేతులు కాలుతున్నా పేరిందేవి గుడ్డను లాగి నీళ్ళలో జాడించి విప్పింది. పువ్వు మీద పువ్వు పడి, వరుస తప్పి, గుత్తులు గుత్తులుగా ముద్దకట్టి ఉన్నాయి. ఆ ముద్దే నిలువెత్తు స్త్రీ అయింది. పక్కకు జారిన అచ్చులు ఎత్తిన చెయ్యి అయ్యాయి. అచ్చు తగలని చోట ముఖం లేదు. సోమాలమ్మ చేతిలోని పుల్ల జారి కిందపడింది.

గుడ్డను దిబ్బ మీది జెండా వాసానికి కట్టి, నలుగురు ఆడవాళ్ళు ఆ వాసాన్ని కౌగిలించుకొని నిలబడ్డారు. గుడ్డ చిరగలేదు. మొదటి పడవ మళ్ళింది, రెండోదీ మళ్ళింది. మూడోది తిప్ప అంచుదాకా వెళ్ళి, ముక్కు తిప్పుకొని నడిమి దారిలో పడింది. అందులోంచి దిగిన నాంచారయ్య తల్లిని అడిగిన మొదటి మాట ఇది: "ఎర్రచీర కట్టుకొని చెయ్యెత్తి ఇటు రా, ఇటు రా అని పిలిచిందే, ఆ పెద్దావిడ ఎవరమ్మా?"

ఆ అవ్వ కోసం రేవంతా వెతికారు, సత్రాల్లో అడిగారు. అటువంటి మనిషిని చూసినవారు లేరు. తరువాత ఊరివారు ఆ రూపానికి ముఖం వేయిద్దామన్నారు. ఆ మర్నాటి తెల్లవారుజామున వెంకమాంబకు కలలో అవ్వ కనిపించి, "ముఖం సంగతి నేను వచ్చాక చూద్దాంలే. ముందు నా గుడ్డ జాగ్రత్త" అని చెప్పి వెళ్ళిందట. అందుకే నేటికీ అక్కడ కుంచె తాకించరు.

ఏటా కార్తిక పున్నమికి మూడు రోజుల ముందు ఈ పాకలో జాజు కలపకుండా అద్దుతారు. యాత్రికులు తమ చేతితో చిన్న గుడ్డ మీద అచ్చు వేసి, తెల్లగానే ఇంటికి పట్టుకుపోతారు. ప్రసాదంగా ఇచ్చిన చిరివేరుతో మూడోనాడు ఉడికిస్తారు. ఏ రూపం వచ్చినా, ఎంత వంకరగా వచ్చినా, నవ్వకుండా గుమ్మానికి కడతారు. దూరం వెళ్ళినవారు క్షేమంగా ఇల్లు చేరతారని నమ్మకం. ఈ ఇంటి కోడళ్ళు చేసిన తప్పును మాత్రం దాచరు. చెప్పిన రోజే దానికి దారి దొరుకుతుందని అత్తలు కోడళ్ళకు చెబుతూ వస్తున్నారు.

గడప దగ్గర "గుడ్డ కోసం వచ్చారా అమ్మా?" అని అడిగినప్పుడు, "ఉంచు తల్లీ, మళ్ళీ వస్తాను" అని బదులివ్వాలి. ఇన్ని తరాల్లో "అవును, నా గుడ్డ ఇయ్యి" అన్న అవ్వ ఇంకా రాలేదు. వచ్చిన రోజున వెతుక్కోకుండా ఇవ్వడానికి, గుడ్డ కింద ఆనాడు ఆమె బల్ల మీద వదిలివెళ్ళిన మూటతాడు కూడా భద్రంగా చుట్టిపెట్టి ఉంది.