వెంట్రుకవాసి తేడా

ఒకానొక రాజ్యంలో కొడవలి కావాలంటే రాజుగారి బావమరిది దండపాణి కొట్లోనే కొనాలని శాసనం ఉండేది. అక్కడ ఏడు రకాలు, ఏడు పేర్లు. ఏది కొనాలో తెలియక జనం తలలు పట్టుకునేవారు.

పండిన చేను మీదికి మబ్బు కమ్ముకొస్తుండగా నూకాలు అనే రైతామె కొడవలి విరిగింది. కొట్టుకు పరుగెత్తి మొదటి రకం అడిగింది.

"ఇంకో రూక వేస్తే రెండోదే వస్తుంది కదే!" అన్నాడు దండపాణి. అలా ఒక్కో రూకా పెంచుతూ ఏడోదాని దాకా లాక్కెళ్లాడు.

నూకాలుకు ఒళ్లు మండింది. అయినా వినయంగా, "అంత పెట్టలేను దొరా. ఆరోది తీసుకుంటే నష్టమా?" అంది.

బేరం పోతుందని దండపాణి కంగారుపడ్డాడు. "అబ్బే, వెంట్రుకవాసి తేడా!"

"మరి ఆరోదానికీ అయిదోదానికీ?"

"అదీ అంతే!"

అలా అడుగుతూ అడుగుతూ ఆమె మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చింది. "అయితే ఇదే ఇప్పించండి దొరా."

వెనకున్నవాళ్లంతా "మాకూ అదే!" అంటూ చేతులు చాపారు.

వాన పడేలోపు నూకాలు చేను కోసేసింది. కొట్లో మొదటి రకం అయిపోయింది; మిగతావి అడిగేవాళ్లు లేరు. దండపాణి తలుపులు మూసుకుని, మిగతా ఆరు రకాల నగిషీ పిడులు ఊడబెరికి, మొదటి రకం పిడులు బిగించుకుంటూ కూర్చున్నాడు.