కోరంగిలో కదలని పిల్ల

అనగనగా, తెల్లదొరల ఏలుబడిలో, గోదారి పాయ సముద్రంలో కలిసేచోట కోరంగి అని ఒక ఊరు. అక్కడ పైడన్న అనే వడ్రంగి సరుకులు మోసే ఓడ ఒకటి కట్టాడు. ఎంతుందనుకున్నావు? కింద నిలబడి దాని అంచు చూడబోతే తలపాగా వెనక్కి పడిపోయేది. తాటిచెట్లు దాని పక్కన పొట్టివైపోయాయి.

దాన్ని నీళ్ళలోకి దింపే రోజు వచ్చింది. ఆ రోజు మటుకు దాన్ని ఓడ అనకూడదు. ఆ మాటంటే ఓడిపోతుందని, చిల్లుకుండలా ఓడుతుందని ఆ ఊరివాళ్ళ భయం. పిల్ల అనాలి. పిల్లని అత్తారింటికి పంపుతున్నాం అనాలి.

పైడన్న పెళ్ళాం నూకాలు పసుపు కలుపుతోంది. వాళ్ళ చంటిది ఏటికేసి తప్పటడుగులేస్తోంది. అప్పుడు నూకాలు మరిదిని కేకేసింది. "గంగులూ, పిల్ల నీళ్ళకేసి పోకుండా చూడు. మాట వినకపోతే తాడేసి కట్టెయ్."

"అలాగే వదినా," అన్నాడు గంగులు.

ఆ తర్వాత పున్నమి పోటు వచ్చింది. అది తీసేలోగా పిల్ల దిగాలి. లేకపోతే మళ్ళీ అంత నీరు వచ్చేసరికి ఎండకి పలకలు బీటలిచ్చి, పైడన్న కష్టమంతా పొయ్యిలోకే. అరటిబోదెలు పరిచారు. మగవాళ్ళు మోకులు పట్టి లాగారు. కదల్లేదు. అప్పుడు ఆడవాళ్ళూ కలిశారు. కదల్లేదు. అప్పుడు ఎడ్లని కట్టారు. మోకు తెగింది గాని పిల్ల కదల్లేదు.

"పుట్టింటి మీద బెంగ," అంది ఒక ముసలమ్మ. పైడన్న మొహం నల్లబడింది. నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి.

దండం పెట్టుకుందామని నూకాలు ఓడ వెనక్కి వెళ్ళింది. చూస్తే ఏముంది, ఓడకి లావుపాటి తాడు. రెండో కొస తాటిచెట్టుకి. చెట్టు కింద గంగులు కాపలా.

"ఏం చేశావయ్యా?"

"పిల్లని కట్టెయ్యమన్నావుగా వదినా. పొద్దున్నుంచి కదలనిస్తే ఒట్టు."

"మరి నా చంటిది?"

"అదుగో, పలకల సందుల్లో కూరగా మిగిలిన దూదికుప్పలో నిద్దరోతోంది."

నూకాలు గొడ్డలి అందుకుని తాడు మీద ఒక్క వేటు వేసింది.

అప్పుడు కదిలిందమ్మా. అరటిబోదెలు నలిగిపోయాయి. నేల దడదడలాడింది. అంత కర్రా, అంత బరువూ జారి జారి ఏట్లోకి దిగింది. నీళ్ళు గోడలా లేచాయి. ఆ తర్వాత చప్పుడే లేదు. ఊరంతా లాగినా కదలనిది, చిన్న గాలికి ఆకులా తిరిగింది. పైడన్న దండం పెట్టబోయి, నేను చెక్కినదానికి నేనే పెట్టడమేంటని ఆగాడు. ఆగి, మళ్ళీ పెట్టాడు.

నూకాలు చంటిదాన్నెత్తుకుని ఏటి ఒడ్డునున్న తన ఇంటి గుమ్మంలో నిలబడింది. ఇన్నాళ్ళూ ఓడ మాటున దాక్కున్న సముద్రం ఎదురుగా కనిపించింది, మొదలూ లేదు, కొసా లేదు. అంత ఓడా దాని ముందు గోరంతైపోయింది.

తెరచాప గాలికి, కథేమో కంచికి, బంగారం కళ్ళేమో నిద్దరకి.