పోగంత

వినుకొండలో బొంతలు కుట్టే హుస్సేనమ్మ దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. అడిగినదానికి ఆమె అడిగినప్పుడే జవాబు చెప్పిందని వాళ్ళలో ఒక్కరూ అనరు. ఆమె అంతా వినేది. చేతిలో పని ఆపేది కాదు. జవాబు ఎప్పుడో, ఇంకేదో పని మధ్యలో వచ్చేది. అప్పటికి అడిగినవాళ్ళు తామేం అడిగామో మరిచిపోయి ఉండేవారు. ఖాసింబి అడిగింది మాత్రం మరిచిపోయే ప్రశ్న కాదు.

"పెద్దమ్మా, నేను తప్పు చేసింది ఏ రోజు? ఆ ఒక్క రోజు చూపించు, దాన్ని పట్టుకుని ఏడుస్తా. ఇట్లా అన్ని రోజుల్నీ పట్టుకుని ఏడవలేకపోతున్నా."

ఖాసింబి చెల్లెలు సైదాబి మిరప కల్లాల్లో తొడిమలు తీసే పనికి పోయేది. ఆ పనిలో దగ్గని మనిషి ఉండదు. కాబట్టి సైదాబి దగ్గినప్పుడు ఎవరూ తలెత్తి చూడలేదు. దగ్గు తగ్గక చిక్కిపోతున్నప్పుడు, పట్నం ఆసుపత్రికి తీసుకుపోవాలని ఖాసింబే అన్నది. ఒకసారి బయల్దేరితే వాన పట్టుకుంది. ఇంకోసారి ఖాసింబికే జ్వరం వచ్చింది. తర్వాత, కల్లం పని ముగిసిందాకా ఆగుదామని సైదాబే అన్నది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే లేచి ఇల్లంతా ఊడ్చి, తల దువ్వుకుని, "ఇవాళ బాగుందక్కా, పోయొస్తే పగలంతా దండగ" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఖాసింబి కూడా నవ్వింది. చివరికి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి, ఇంత ఆలస్యం ఎందుకు చేశారని డాక్టరు అడిగాడు. వానని చెప్పాలా? జ్వరమని చెప్పాలా? నవ్విందని చెప్పాలా?

చెల్లెలు పోయాక వచ్చినవాళ్ళంతా ఓదార్చారు. రాసిపెట్టి ఉందన్నారు, నువ్వేం చేస్తావన్నారు. హుస్సేనమ్మ ఖాసింబి ప్రశ్న విని, సూదిలో దారం ఎక్కించుకుంటూ, "సైదా బట్టలు ఏం చేశావు?" అని మాత్రం అడిగింది.

"పెట్టెలో ఉన్నాయి."

"పట్టుకురా. బొంత కుడుదువు గాని."

ఓణీలు, పరికిణీలు, కల్లానికి కట్టుకుపోయే వాయిలు చీరలు పెట్టెలోంచి బయటికొచ్చాయి. ఎన్నిసార్లు ఉతికినా వాటి మడతల్లో మిరప ఘాటు పోలేదు. వాటన్నిటి కింద ఒక కొత్త చీర ఉంది. కల్లం కూలితో కొనుక్కుని, పండక్కి కడదామని సైదాబి దాచుకున్నది. మడత కూడా విప్పలేదు. బొంతకు దాన్నే అడుగు గుడ్డగా వేద్దామన్నది హుస్సేనమ్మ. చీరను రెండు చేసి, పక్కపక్కన కలిపి కుట్టి, బొంత ఎంత కావాలో అంతకు కొలిచి పక్కన పెట్టారు. పాత బట్టల్ని అట్టముక్క పెట్టి ఒకే కొలతకు చిన్న చిన్న చదరాలుగా కత్తిరించారు. అట్ట పక్కకు జరగకుండా హుస్సేనమ్మే పట్టుకుంది.

ఆమె నేర్పే మొదటి పాఠం పావంగుళం. రెండు ముక్కలు కలిపితే ఒక్కో ముక్క నుంచి పావంగుళం కుట్టు లోపలికి పోతుంది. ముందే ఒప్పుకుని, లెక్కలో కలుపుకున్న నష్టమది. అంతకు మించి పోకూడదు. అందుకని సూదికి కుడిపక్క, కుట్టుమిషను రేకు మీద, పావంగుళం దూరాన ప్లాస్టరు ముక్క అంటించేది. గుడ్డ అంచు ఆ ప్లాస్టరును ఒరుసుకుంటూ పోవాలి. దాని మీదికి ఎక్కకూడదు, దానికి ఎడం కాకూడదు. ముక్కలు కలిస్తే గడి, గడులు కలిస్తే వరస, వరసలు కలిస్తే బొంత.

ఖాసింబి కుట్టింది. పని తెలిసిన చెయ్యే. మొదటి గడిని పెద్దమ్మకు చూపిస్తే, ఆమె అరచేతిలో పరుచుకుని చూసి, బాగుందన్నది. ఆ తర్వాత ఒక్కోరోజు ఒక్కో బట్ట చేతికొచ్చేది. ఆకుపచ్చ ఓణీ వచ్చిన రోజు కళ్ళు మసకలు కమ్మాయి. ఇంకోరోజు కాలు తొందరపడింది. ఇంకోరోజు మనసు ఎటో పోయింది, చేతులు వాటి పాటికి అవి కుట్టాయి. అయినా ఏ కుట్టూ వంకర పోలేదు. హుస్సేనమ్మ ఎదురుగా కూర్చుని వేరే బొంతకు అంచు వేస్తుండేది.

వరసలన్నీ కలిసిన మధ్యాహ్నం, అడుగు గుడ్డను చాప మీద పరిచి, పైన ఖాసింబి కుట్టింది వేశారు. తలవైపు అంచు సరిగ్గా కూర్చుంది. చేత్తో సాపు చేసుకుంటూ ఖాసింబి కాళ్ళవైపుకు వచ్చింది. అక్కడ బొంత అయిపోయింది గాని అడుగు గుడ్డ అయిపోలేదు. బెత్తెడు పైనే కొత్త చీర బయటికి కనిపిస్తోంది. పక్కలకు చూస్తే అక్కడా అంతే. ఖాసింబి పట్టుకుని లాగింది. తిప్పి వేసింది. మళ్ళీ లాగింది.

"ఎక్కడో ఒక కుట్టు చెడిపోయింది పెద్దమ్మా. ఏదో ఒకటి బాగా తప్పు కుట్టాను."

"అయితే అదేదో చూడు" అని కొలబద్ద చేతికిచ్చింది హుస్సేనమ్మ.

ఖాసింబి బొంతను తిరగేసి, తల దగ్గర మొదలుపెట్టింది. ఒక్కో కుట్టు మీద కొలబద్ద పెట్టి, వంగి, వేలితో మడత విప్పి చూసింది. వాకిట్లో ఎండ గోడెక్కి పోయింది. తప్పు దొరుకుతుందన్న ఆశతోనే చాలాసేపు వెతికింది. నిజానికి దొరకాలనే కోరుకుంది. ఇదుగో ఇదే అని ఒకదాని మీద వేలు పెట్టగలిగితే చాలనుకుంది. ఒక కుట్టు పావంగుళానికి పోగంత ఎక్కువ. దాని పక్కది కూడా పోగంతే. కొన్ని సరిగ్గానే ఉన్నాయి. ఆకుపచ్చ ఓణీ దగ్గర తప్పకుండా ఉంటుందనుకుంది. అక్కడా పోగంతే. కాళ్ళవైపు చివరి వరసకు వచ్చాక కొలబద్ద కింద పెట్టేసింది.

"ఏ ఒక్కటీ తప్పు కాదు పెద్దమ్మా" అన్నది. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకు తన గొంతే కొత్తగా వినిపించింది. తలెత్తి, కోపంగా, "నువ్వు ఎదురుగానే కూచున్నావు గదా, ఒక్క మాట చెప్పలేకపోయావా?" అన్నది.

"కూచున్నా. నాకూ కనపళ్ళేదు" అన్నది హుస్సేనమ్మ.

ఖాసింబి బ్లేడు తీసుకుంది. "అంతా విప్పుతా. మళ్ళీ మొదట్నించీ కుడతా." ఖాసింబి ఒక కుట్టు తెంపి, దారం లాగి, ముక్కలు రెండూ విడదీయబోయింది. ఉతికి ఉతికి సాలెగూడులా పలచబడ్డ వాయిలు అది. సూది పోయిన రంధ్రాల వెంట సన్నగా చిరిగి, ఆమె వేళ్ళ మధ్యే పీలికైంది. ఆ చప్పుడుకు ఖాసింబి బ్లేడు విసిరేసి, పీలికను గుప్పిట్లో పట్టుకుని, చెల్లెలి శవాన్ని ఇంట్లోంచి ఎత్తుకుపోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది. హుస్సేనమ్మ ఓదార్చలేదు. ఆ ఏడుపు దాని దారిన అది ఆగిందాకా కూర్చుంది. అది తొందరగా ఆగలేదు.

ఆగాక, హుస్సేనమ్మ బొంత వెనకవైపును ఖాసింబి ఒళ్ళోకి లాగి, ఆమె వేళ్ళు పట్టుకుని కుట్ల మీద పెట్టింది. ప్రతి కుట్టు వెనకా సన్నటి గుడ్డ అంచు మడతపడి, గట్టు కట్టినట్టు ఉంది. ఓణీ ఉంది, పరికిణీ ఉంది, కల్లం చీర ఉంది.

"తక్కువైన బెత్తెడూ ఎక్కడికీ పోలేదమ్మీ. అంతా ఇక్కడే ఉంది. బయటికి రాదు, అంతే."

ఖాసింబి ఆ గట్ల మీద ఒక్కోదాని వెంటా వేళ్ళు జరుపుకుంటూ పోయింది. తర్వాత, "మరి ఇప్పుడేం చెయ్యను?" అని అడిగింది.

"చిరిగినచోట మాటు వెయ్యి. అడుగు గుడ్డ దీని కొలతకు కత్తిరించు."

చాప మీద కొత్త చీర అంచు మెరుస్తోంది. కట్టని చీర. దానికి కత్తెర పెట్టడానికి ఖాసింబికి చెయ్యి రాలేదు.

"కత్తిరిస్తే బొంత పొట్టిదైపోద్ది గదా, పెద్దమ్మా."

హుస్సేనమ్మ కత్తెర తీసి ఆమె చేతిలో పెట్టింది.

"పొట్టిది ఎప్పుడో అయింది" అన్నది.