కదలని మడుగులో నీడలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడిమధ్యన గాలి వీచినా కదలని ఒక మడుగు. కప్పలు కూడా అందులోకి దూకేవి కావు, చప్పుడు కాకుండా పాకి దిగేవి. పక్షులు దాని మీదుగా పోవలసి వస్తే కాస్త చుట్టు తిరిగి పోయేవి. ఎందుకని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయేవారు.

ఆ మడుగు ఒడ్డున నిలకడమ్మ అనే కొంగ ఉండేది. ఒంటికాలి మీద నిలబడిందంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈక కదిలేది కాదు. ముక్కు విసిరిందంటే చేప దొరకాల్సిందే. కొంగలు చేపలు పట్టే పందెంలో వరసగా పదేళ్ళు దానిదే గెలుపు.

నిలకడమ్మ చిన్నప్పుడు అలా ఉండేది కాదు, పిల్లలూ. దాని తల్లిని ఆ మడుగులోనే మొసలి పట్టుకుపోయింది. ఆనాటి నుంచి నీళ్ళలో కాలు పెడితే వణుకు. కాలు వణికితే చేప పారిపోయేది. కడుపు మాడేది. ఒకరోజు ఆకలికి ఓర్చుకోలేక మడుగు ఒడ్డున నిలబడి తన నీడనే చూస్తూ ఉండిపోయింది. మిట్టమధ్యాహ్నం వేళ నీళ్ళలో నీడ వణకడం మానేసింది. దాంతోపాటు కొంగ కూడా వణకడం మానేసింది. ఆ రోజు ఏడు చేపలు తింది. తరవాత మొసలి ముసలిదై చచ్చిపోయింది. నిలకడమ్మకి మాత్రం ఆ మొసలి బతికున్నప్పుడే భయం పోయింది.

పని చేసిన మందు నలుగురికీ పంచాలనిపించడం సహజమే కదా. నిలకడమ్మ మనసు సాధన నేర్పే గురువైంది.

ఆ అడవిలో ఏటా పుష్యమాసంలో, పొగమంచు కమ్ముకునే రోజుల్లో పందేలు జరిగేవి. మొదటి రోజు కొమ్ముల పందెం, రెండో రోజు దూకుడు పందెం, మూడో రోజు పరుగు పందెం. పరుగులో గెలిచినవారి మంద వేసవిలో ఊటనీళ్ళు ముందు తాగాలని కట్టుబాటు. ఎండలు ముదిరితే ఊట చారెడు నీళ్ళకు మించి ఊరదు. ముందు తాగిన మంద బతుకుతుంది. వెనక వచ్చిన మందలో లేగలు రాలిపోతాయి. అందుకే పరుగు పందెమంటే ఆట మాత్రమే కాదు.

ఆ ఏడు నిలకడమ్మ దగ్గరికి మొట్టమొదటగా ముగ్గురు శిష్యులు వచ్చారు.

మొదటివాడు అడవిదున్న గండయ్య. "గురువమ్మా, బరిలోకి దిగేముందు నాకు ఒళ్ళు మండిపోతుంది. నేల గీరేస్తాను. కళ్ళు ఎర్రబడతాయి" అన్నాడు.

రెండోది పొడుగు తోక పెద్ద ఉడుత తురాయి. "దూకేముందు నాకు ఒకటే గుబులు గురువమ్మా. కొమ్మని రెండుసార్లు తొక్కి చూస్తే గాని దూకలేను" అంది.

మూడోది చుక్కల దుప్పి, పేరు చుక్కి. పోయిన వేసవిలో దాని తమ్ముడు దాహానికి చచ్చిపోయాడు. "ఆకు రాలినా నా గుండె ఆగినంత పనవుతుంది. ఈసారి మా మంద ముందు నీళ్ళు తాగాలి. ఏం చెయ్యమన్నా చేస్తాను" అంది.

నిలకడమ్మ ముగ్గురి మాటా సగం విని తల ఊపింది. "జబ్బు ఒక్కటే. మందూ ఒక్కటే. ఒడ్డున నిలబడండి. నీళ్ళలో మీ నీడని చూడండి. అది కదలడం మానేదాకా మీరు కదలొద్దు" అంది.

వాళ్ళు అలాగే చేశారు. మంచులో ముగ్గురూ ఒడ్డున వరసగా నిలబడేవారు. పది రోజులయ్యేసరికి గండయ్య నేల గీరడం మానేశాడు. తురాయి గుబులు పోయింది. చుక్కి పక్కన ఎండుకొమ్మ విరిగి పడినా తలతిప్పి చూడలేదు.

తల్లులు మురిసిపోయారు. "మా పిల్ల ఎంత నెమ్మదిగా ఉంటోందో" అని చెప్పుకున్నారు. ఒక్క చుక్కి తల్లి మాత్రం నసుగుతూ వచ్చింది. "నెమ్మదిగానే ఉంది గురువమ్మా. కానీ పిలిస్తే పలకడానికి చాలాసేపు పడుతోంది. ఎక్కడో దూరం నుంచి పలికినట్టుంది" అంది.

"ఏకాగ్రత అంటే అదేనమ్మా" అంది నిలకడమ్మ. ఆ మాటతో తల్లి ఊరుకుంది గాని, పోతూ పోతూ మడుగు వంక ఒకసారి చూసి గబగబా నడిచింది.

పందేల రోజులు వచ్చాయి.

మొదటి రోజు గండయ్య బరిలోకి దిగాడు. ఎదుట ఇంకో దున్న బుసలు కొడుతూ వచ్చి కొమ్ములు కలిపింది. గండయ్య కదల్లేదు. తోస్తే వెనక్కి జరిగాడు. ఇంకా తోస్తే ఇంకా జరిగాడు. బరి అంచుకి పోయేసరికి గెలవబోయే దున్నే కొమ్ములు విడిపించుకుని వెనక్కి గెంతింది.

"వీడితో నేను ఆడను. వీడి కళ్ళలోకి చూశాను. లోపల ఎవరూ లేరు" అంది. 

గండయ్య ఓడిపోయినట్టు, పందేలు నడిపే ఏనుగు తాత తీర్పు చెప్పాడు. గండయ్య ఆ మాట విని, సరే అన్నట్టు తల ఊపి, మంచులోకి నడుచుకుంటూ పోయాడు. చూసేవాళ్ళు అతను పోయే దారి విడిచి పక్కకి జరిగారు. నిలకడమ్మ మాత్రం "సాధన చాలలేదు. ఇంకో పది రోజులు చూడాల్సింది" అనుకుంది.

రెండో రోజు తురాయి వంతు. చెట్టు చివర నిలబడింది. కొమ్మని ఒక్కసారైనా తొక్కి చూడలేదు. ఎదురుగా పచ్చని కొమ్మలు మూడు ఉన్నాయి, ఎండిపోయిన కొమ్మ ఒకటి ఉంది. ఎండుకొమ్మ దగ్గరగా ఉంది. తురాయి దాని మీదికే దూకింది. కొమ్మ ఫెళ్ళున విరిగింది.

అందరూ పరిగెత్తుకొచ్చారు. తురాయి నేల మీద పడి ఉంది. దాని వెనక కాలు పక్కకి తిరిగిపోయింది. ఏడవలేదు. కాలు వంక చూసి, "విరిగింది" అంది, ఎవరి కాలి గురించో చెప్పినట్టు.

నిలకడమ్మ దాని పక్కన వాలింది. "ఎండుకొమ్మ అని కనబడలేదా అమ్మా?" అని అడిగింది.

"కనబడింది గురువమ్మా. విరుగుతుందని కూడా తెలుసు" అంది తురాయి. "తెలిసినా ఏమీ అనిపించలేదు."

నిలకడమ్మకి ఒళ్ళు జలదరించింది. భయమంటూ లేని ఒంట్లో ఆ జలదరింపు ఎక్కడి నుంచి వచ్చిందో దానికి అర్థం కాలేదు. ఆ రాత్రంతా చెట్టు మీద కళ్ళు తెరుచుకునే కూర్చుంది. మూడో రోజు పొద్దున్నే, పరుగు పందెం చూడటానికి పోకుండా, మడుగు దగ్గరికి వచ్చింది.

కొంగ చూపు ఎప్పుడూ చేప మీదే ఉంటుంది గాని నీళ్ళ పైభాగం మీద ఉండదు. పదేళ్ళుగా నిలకడమ్మ ఆ మడుగులో నీడ అన్నదాన్ని చూడనే లేదు. ఇప్పుడు చూసింది.

ఒడ్డున ఎవరూ లేరు. కానీ నీళ్ళలో అడవిదున్న ఒకటి ఉంది. అది ఎర్రని కళ్ళతో కాలితో నేల గీరుతోంది. చప్పుడు మాత్రం లేదు. దాని పక్కన ఉడుత ఒకటి తోక ఉబ్బించి, కనబడని కొమ్మని తొక్కి చూస్తోంది. ఒకసారి తొక్కింది, రెండుసార్లు తొక్కింది, దూకకుండా వెనక్కి వచ్చింది. మళ్ళీ తొక్కింది. వాటి వెనక చుక్కల దుప్పి చెవులు అటూ ఇటూ తిప్పుతూ నిలబడి ఉంది.

ఈ మూడింటి నడుమ ఒక కొంగపిల్ల ఉంది. నోరు తెరిచి ఏడుస్తోంది. దాని గొంతు పైకి వినబడటం లేదు. కానీ ఎవరిని పిలుస్తోందో నిలకడమ్మకి తెలుసు. పదేళ్ళుగా అది అక్కడే నిలబడి అమ్మని పిలుస్తోంది.

నిలకడమ్మ వెనక్కి అడుగు వేసింది. నీళ్ళలో పిల్ల కదల్లేదు.

అప్పుడు దానికి తను చేసిన పని తెలిసింది. కొంగ వేటలో వణుకు అడ్డం. నిజమే. కానీ దున్నకి కోపమే బలం. ఉడుతకి గుబులే కొలబద్ద, ఏ కొమ్మ మోస్తుందో ఏది మోయదో చెప్పేది అదే. దుప్పికి బెదురే కాళ్ళు. ముగ్గురి దగ్గరా వాళ్ళ ఆటని నడిపేదాన్ని వలిచి తీసి, వాళ్ళని ఖాళీగా బరిలోకి పంపింది.

దూరంగా ఏనుగు తాత ఘీంకారం వినిపించింది. పరుగు మొదలైంది.

పరుగు దారి చిరుతపులి లోయ అంచు మీదుగా పోతుంది. ఆ మలుపు దగ్గర చెవులు రిక్కించుకుని పరిగెత్తకపోతే ప్రాణానికే ముప్పని అడవిలో అందరికీ తెలుసు. నిలకడమ్మ మడుగులోకి చూసింది. నీళ్ళలో దుప్పి నీడ ఒక్కసారిగా బిగుసుకుంది. తోక పైకి లేచింది. ముందు కాలు నేలకేసి కొట్టుకుంటోంది. నోరు తెరిచి కూత పెడుతోంది. కూత పైకి రావడం లేదు.

అంటే చిరుత మలుపు దగ్గరే ఉంది. నీడకి తెలిసిపోయింది. పైన మంచులో చుక్కి మాత్రం నెమ్మదిగా, తిన్నగా దాని నోటిలోకే పరిగెడుతోంది.

నీళ్ళు కలచాలి. అది నిలకడమ్మకి ఎవరూ చెప్పనక్కరలేదు. కలచితే, కదలని నీళ్ళలో చిక్కుకున్న నీడలు విడిపోయి ఎవరివి వారిని చేరతాయి. కానీ మడుగులో నాలుగు నీడలున్నాయి. నాలుగోది కూడా వచ్చి చేరుతుంది. ఆ మొసలి, ఆ రోజు, ఆ అరుపు, అన్నీ దాంతో వస్తాయి. ఇక చేప దొరకదు. పదేళ్ళ పేరు పోతుంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చిరుత తిన్న దుప్పి గురించి గురువుని ఎవరు అడుగుతారు?

కొంగపిల్ల తల ఎత్తి దాని వంక చూసింది.

నిలకడమ్మ రెక్కలు రెండూ విప్పి మడుగులోకి దూకింది. పదేళ్ళుగా అల లేవని నీళ్ళని పిచ్చిపట్టినట్టు బాదింది. కాళ్ళతో బురద రేపింది. మొదట నీళ్ళు కదల్లేదు, జిగురులా రెక్కలకి అంటుకున్నాయి. మళ్ళీ కొట్టింది. మూడోసారి కొట్టేసరికి మడుగంతా పగిలినట్టు అలలు లేచాయి. నీడలు ముక్కలై చెదిరిపోయాయి.

లోయ అంచున చుక్కి గుండె ఝల్లుమంది. తోక లేచింది. అడవి దద్దరిల్లేలా కూత పెట్టి పక్కకి గెంతింది. చిరుత పంజాకి నాలుగు వెంట్రుకలు దొరికాయి. ఆ కూత విని వెనక వచ్చే జింకలూ దారి మళ్ళాయి. చుక్కి మాత్రం ఒళ్ళంతా బెదురుతో పరిగెత్తింది. గమ్యం దాటినా ఆగకుండా ఇంకో కొండ దాకా పోయింది. తనే గెలిచిందని దానికి ఎవరో వెంటబడి చెప్పాల్సి వచ్చింది.

అదే వేళకి అడవిలో ఇంకోచోట గండయ్య రంకె వేసి ఒక పుట్టని కుమ్మి పారేశాడు. తురాయి కాలు పట్టుకుని ఘొల్లుమంది. దాని తల్లి కూడా ఏడ్చింది, కూతురు ఏడుస్తున్నందుకు సంతోషంతో.

సాయంత్రం చుక్కి మడుగు దగ్గరికి వచ్చింది. నిలకడమ్మ రెల్లు దుబ్బుల వెనక ముడుచుకుని కూర్చుని ఉంది. ఈకల నిండా బురద. నీళ్ళ వంక చూడటం లేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

"తప్పు నాదే చుక్కీ" అంది నిలకడమ్మ. "నాకు పనికొచ్చింది కదా అని మీ ముగ్గురికీ అదే పెట్టాను. నిన్ను చంపేసేదాన్ని."

 చుక్కి దగ్గరగా వచ్చి పడుకుంది. "గురువమ్మా, మీరు వణుకుతున్నారు. మీకూ భయమేస్తోందా?"

"వేస్తోంది. ఒడ్డు దిగాలంటే కాళ్ళు రావడం లేదు." నిలకడమ్మ సిగ్గుపడకుండా చెప్పింది. "నువ్వు ఇంత భయంతోనే పరిగెత్తి గెలిచావు కదా. ఎలాగో నాకు నేర్పు. నువ్వు చేసినట్టే చేస్తాను."

చుక్కి తల అడ్డంగా ఊపింది. "నాది పరిగెత్తేవాళ్ళ భయం గురువమ్మా. మీది నిలబడేవాళ్ళది. నేను చేసినట్టు చేస్తే మీకు కుదురుతుందో లేదో. నీళ్ళలో కాలు పెట్టేముందు మీకు లోపల ఏమవుతుంది? ముందు అది చెప్పండి. అంతా చెప్పండి, నేను వింటాను."

నిలకడమ్మ బురద అంటిన మెడ ఎత్తి చుక్కి వంక చూసింది. గురువై కూడా ముగ్గురు శిష్యుల్లో ఒక్కరినీ తను ఆ ప్రశ్న అడగలేదు.

నీతి: నీ మనసుకు కుదిరిన సాధనే అందరికీ కుదరదు, ఎవరికైనా నేర్పబోయే ముందు వాళ్ళ ఆట ఏమిటో, ఆ ఆటలో వాళ్ళ మనసు చేసే పని ఏమిటో అడిగి, పూర్తిగా విను.